కొలతకు దొరకని పడవ

పోయిన వారం ఈ కథ ఆపినప్పుడు నన్ను నేను పడవ కడుపులో మోకాళ్ల మీద, చేతిలో టేపుతో వదిలేశాను. ఇంకా అక్కడే ఉన్నాను. మోకాళ్లు మాత్రం పోయాయి.

మధ్యలో చేరిన వాళ్లకి రెండు ముక్కల్లో చెబుతాను. నేను దర్జీని. పడవ మా అక్కది. అడుగు చెక్కలు కుళ్లిపోయిన ఆ ఫైబర్ పడవని మా ఇంటి వెనక రేకుల షెడ్డులో బాగుచేస్తున్నది నేను, ఎందుకంటే "ఏముందక్కా, విప్పడం, మళ్లీ కుట్టడమేగా" అని నోరు జారింది కూడా నేనే. శుక్రవారం రేవు సంఘం వాళ్లు పడవ చూడ్డానికి వస్తారు. పడవ గట్టిగా ఉంటే జనాన్ని ఏరు దాటించే వంతు అక్కకి ఉంటుంది. లేకపోతే, బావ పోయినప్పటి నుంచి ఏడాదిన్నరగా ఆమె పేరు మీద ఆపి ఉంచిన ఆ వంతు ఇంకొకరికి పోతుంది. అక్కకి ఇంకో పని రాదు. నేర్చుకోమంటే "నువ్వు ఈత నేర్చుకో, నేను కుట్టు నేర్చుకుంటా" అంటుంది. నాకు నీళ్లంటే భయమని ఆమెకి తెలుసు.

ఈ రోజు సోమవారం. నాకు ఏమీ అర్థం కావడం లేదు.

పడవ కడుపులో పొడవునా మూడు చెక్క వాసాలుంటాయి. ఎడమ ఒకటి, కుడి ఒకటి, నడిమిన ఒకటి. ఫైబర్ గుడ్డ పరిచి, రెసిన్ పోసి వాటిని అడుక్కి అతికిస్తారు, వాటి మీద నేల చెక్కలు పరుస్తారు. మూడూ కుళ్లి, వేలు పెడితే దిగబడేలా ఉన్నాయి. పాత కోటు చూసి కొత్త కోటు కుట్టాలంటే దర్జీ ఏం చేస్తాడు? కుట్లన్నీ విప్పి, ముక్కల్ని బల్ల మీద వరసగా పరిచి, ఒక్కోదాని మీద సుద్దతో గుర్తు పెట్టుకుని, వాటిని చూసి కత్తెర వేస్తాడు. నేనూ అదే చేశాను. పోయిన బుధవారం ఒక్క పూటలో మూడు వాసాలూ పీకి, షెడ్డు గోడ వారన వరసగా పడుకోబెట్టాను. అంత శుభ్రంగా విప్పినందుకు నన్ను నేనే మెచ్చుకున్నాను. ఆదివారం ఎడమ వాసం కొత్తది కోసి, పట్టని చోట కొంచెం చిత్రిక పట్టి, గుడ్డా రెసినూ వేసి అతికించాను. సాయంత్రానికి రాయిలా గట్టిపడింది. భోజనం మధ్యలో లేచి వెళ్లి మరీ దాని మీద చెయ్యేసి చూసుకున్నాను.

ఇక ఈ పొద్దున కుడి వాసం. ఎడమదాని కొలతే, అద్దంలో చూసినట్టు తిప్పి కోశాను. తెచ్చి పెట్టాను. రెండు చివర్లూ ఆనాయి. మధ్యలో బొటనవేలు దూరేంత సందు.

సరే, కోత తప్పిందనుకున్నాను. పడవ ఒక అంచు నుంచి ఇంకో అంచుకి అడ్డంగా పట్టె పెట్టి, అక్కణ్ణుంచి అడుగుదాకా లోతు కొలిచాను. బుధవారం పుస్తకంలో రాసుకున్న లోతు ఒకటి, ఇప్పుడు టేపు చెబుతున్నది ఇంకొకటి. తేడా అంగుళం పావు. దర్జీ టేపు వాడగా వాడగా సాగుతుంది, నాకు తెలుసు. షాపులోంచి కొత్త టేపు తెచ్చాను. అదీ అంతే చెప్పింది. పక్క వీధి వడ్రంగిని అడిగి ఇనప టేపు తెచ్చాను. అది ఇంకో నూలు, అంటే అంగుళంలో ఎనిమిదో వంతు, ఎక్కువే చెప్పింది. కుడి పక్క ఒక లోతు, ఎడమ పక్క ఒక లోతు. బుధవారం నాకు కళ్లు కనబడలేదా? లేక ఇప్పుడు కనబడటం లేదా? పెళ్లికొడుకుల్ని దూరం నుంచి చూసి భుజం కొలత చెప్పే మనిషిని నేను. అలాంటిది కదలకుండా పడున్న పడవ నన్ను పిచ్చివాణ్ణి చేస్తోంది.

మా ఆవిడ టీ గ్లాసు పడవ అంచు మీద పెట్టి, వరసగా పడున్న మూడు టేపుల వంకా చూసింది.

"ఏవండీ, టేపులు మారుస్తున్నారు గానీ చూసే కళ్లు మార్చట్లేదు."

"నువ్వేమైనా జరిపావా దీన్ని?"

"ఆ, చంకలో పెట్టుకుని వీధి చివరిదాకా తిప్పుకొచ్చా" అని లోపలికి వెళ్లిపోయింది.

అప్పుడే అక్క వచ్చింది. రావడం రావడం ఎప్పటిలాగే పడవ చుట్టూ ఒక ప్రదక్షిణ చేసింది, కుడి అరచెయ్యి పడవ ఫైబర్ గుల్లకి ఆనించి, ముక్కు దగ్గర మొదలుపెట్టి వెనకదాకా. బావా తనూ కలిసి ఇరవై రెండేళ్లు నడిపిన పడవ. చెయ్యి వెయ్యకుండా దాని పక్కన నిలబడటం ఆమెకి రాదు. సగం దూరంలో చెయ్యి ఆగిపోయింది. వెనక్కి జరిపింది. వంగి, చెయ్యి అడుగు కిందకి పోనిచ్చి ఇంకోసారి నిమిరింది.

"ఇది నా పడవ కాదు" అంది.

"ఏంటక్కా?"

"ఇది నా పడవ కాదురా."

"మరెవరిది? నిన్న రాత్రి ఎవరిదో ఎత్తుకొచ్చి ఇక్కడ పెట్టానా?"

"రంగు అదే. గీతలూ అవే. చేతికి మాత్రం ఇది కాదు. ఎవరి చొక్కానో నీకు తొడిగి ఇది నీదే అంటే నీ ఒంటికి తెలీదూ? అలా."

నాకు ఒళ్లు మండింది. పదిహేను రోజులుగా షాపు సగం పూట మూసేసి, ఫైబర్ గాజు పొడికి చేతులు గోక్కుని గోక్కుని పుండ్లు చేసుకుని, గట్టిపడే మందు కొలవకుండా పోసి ఒక మగ్గు రెసిన్ చేతిలోనే పొగలు కక్కితే భయపడి వీధిలోకి విసిరేసి, ఇంత చేస్తే ఇదా మాట? ఆ మాటే అన్నాను. అక్కకి కోపం రాలేదు. అది ఇంకా బాధగా ఉంది. ఆమె కళ్లలో నిజంగానే అయోమయం ఉంది, సొంతింటికి వచ్చి తలుపు తట్టాలా వద్దా అని ఆలోచిస్తున్న మనిషిలాగా.

ఇద్దరం ఇలా ఉండగా ట్యాంకుల మేస్త్రీ దిగాడు. ఫైబర్‌తో నీళ్ల ట్యాంకులు పోసే పెద్దాయన. నాకు రెసిన్ ఇచ్చిందీ, కలపడం నేర్పిందీ ఆయనే. అడిగినదానికి జవాబు చెప్పడు, ఎదురు ప్రశ్న వేస్తాడు. నా గోడు మొత్తం విన్నాడు.

"దారం ఉందా?"

దర్జీ ఇంట్లో దారం ఉందా అని అడుగుతారా ఎవరైనా? ఉండ తెచ్చిచ్చాను. పడవ కిందకి వంగి, పడవని ఎత్తి నిలబెట్టిన ముందు బల్ల దగ్గర్నుంచి వెనక బల్ల దగ్గరికి అడుగు వెంట బిగించి పట్టుకోమన్నాడు. దారం తిన్నగా ఉండాలి. ఉండలేదు. మధ్యలో పడవ పొట్ట దాన్ని కిందకి నొక్కుతోంది.

"ఎన్ని బల్లల మీద పెట్టావు?" అన్నాడు మేస్త్రీ.

"రెండు. ముందొకటి, వెనకొకటి."

"మధ్యలో?"

"మధ్యలో ఏముంటుంది?"

"నేనూ అదే అడుగుతున్నా. మధ్యలో ఇన్నాళ్లూ దీన్ని పట్టుకున్నదేంటి?"

నేను గోడ వారన పడుకోబెట్టిన మూడు కుళ్లు వాసాల వైపు చూశాను. అక్క కూడా అటే చూసింది.

"ఎంత కుళ్లినా అవే కదా మోసింది? ఒకటి పీకి, దాని చోట కొత్తది పెట్టి, అప్పుడు రెండోది పీకాలి. నువ్వు మూడూ ఒకేసారి పీకేస్తివి. పైన రేకులు, ఎండకి కొలిమిలా ఉంది షెడ్డు. గుల్ల వేడెక్కి మెల్లగా జారింది. రోజుకింత. ఎడమది అతికించాక కుడి పక్క ఒక్కటే జారింది."

"ఇంత మందంగా ఉంది కదండీ, జారుతుందా?"

"నువ్వు ఈ గుల్లని ఒళ్లనుకున్నావు కదూ? వాసాలేమో లోపల వేసే లైనింగు అనుకున్నావు."

అవును. అచ్చంగా అలాగే అనుకున్నాను.

"తిరగేసుకో. ఇది బట్ట. ఒంటిని నువ్వు పీకి గోడవారన పెట్టావు."

ముప్పై ఏళ్లుగా నేను నమ్ముకున్న సూత్రం ఒక్కటే: ఒళ్లు కదలదు, బట్టనే సరిచెయ్యాలి. ఎడమ వాసం పట్టకపోతే అందుకే వాసాన్నే చిత్రిక పట్టాను. అంటే జారిపోయిన పొట్టకి సరిగ్గా కోసి, రెసిన్ పోసి, ఆ వంకరని శాశ్వతం చేశాను. వేరే ఎవరైనా చేసుంటే కోత తప్పుగా వచ్చేది, అతికించే ముందే ఆగేవాళ్లు. దర్జీని కాబట్టి వంకరకి కూడా చక్కగా సరిపెట్టాను. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటే ఏమిటో అక్కడ నిలబడి తెలుసుకున్నాను.

"ఎడమది కోసెయ్యాలి" అన్నాడు మేస్త్రీ. అది మాత్రం ప్రశ్న కాదు.

మధ్యాహ్నం మూడింటిదాకా గ్రైండర్‌తో కోశాను. గుడ్డ కట్టుకున్నా ముక్కులోకి తెల్లటి పొడి పోయింది. నా జీవితంలో నేను చేసిన మొదటి పడవ పని అది, ఒక రాత్రి బతికింది. ఊడొచ్చిన ముక్కల్ని అక్క ఏరి బస్తాలో వేసింది. తిట్టి ఉంటే బాగుండేది.

తర్వాత మేస్త్రీ తన బండిలోంచి జాకీ తెచ్చాడు. పొట్ట కింద పలక పెట్టి, పలక కింద జాకీ పెట్టాం. మెల్లగా తిప్పితే గుల్ల పైకి లేస్తుంది. పాత రూపం వచ్చాక అక్కడ ఆపి, కింద గట్టిగా దిమ్మలు పెట్టి, అప్పుడు వాసాలు వెయ్యాలి. ఇంతవరకూ బాగానే ఉంది. పాత రూపం ఏది?

బుధవారం కొలత వాసాలు పీకిన తర్వాత రాసుకున్నది. అప్పటికే ఎంత జారిందో ఎవరికి తెలుసు? కుళ్లు వాసాలు చూద్దామంటే ఎండి ముడుచుకుపోయాయి. పడవకి కాగితాలు లేవు.

"నా చేతికి తెలుసు" అంది అక్క. చీర చెంగు నడుముకి దోపుకుని పడవ కిందకి వెల్లకిలా దూరి, అరచెయ్యి అడుక్కి ఆనించింది. "తిప్పు."

తిప్పాను.

"ఇంకా... ఇంకొంచెం... ఆగు. ఇదే."

సుద్దతో గుర్తు పెట్టాను.

"కాదు కాదు, దించు. కొద్దిగా."

దించాను. ఇంకో గుర్తు. మళ్లీ ఎత్తమంది, మూడో గుర్తు. నాలుగోసారి ఎత్తమంది. నేను వంగి చూశాను. కళ్లు మూసుకుని ఉంది, చెయ్యి గుల్ల మీదే ఉంది.

"అక్కా?"

"గుర్తు రావట్లేదురా."

"నెమ్మదిగా..."

"పొద్దున ఇది కాదని తెలిసింది. ఏదో మాత్రం తెలీట్లేదు. ఏడాదిన్నర ముట్టుకోలేదుగా నీళ్లలో. నా చేతిలోంచి పోయింది."

నాకు ఏడుపొచ్చింది. దాచుకోలేదు కూడా. ఇరవై రెండేళ్లు ఆ చెయ్యి ఆ పడవని మోసింది. దానికి ఇప్పుడేమీ తెలియకుండా చేసింది ఏడాదిన్నర కాదు, మధ్యలో నేను దూర్చిన నా దర్జీ తెలివి అనిపించింది.

మేస్త్రీ బస్తా మీద కూర్చుని గడ్డం గోక్కున్నాడు. "ట్యాంకులు నేను ఎలా పోస్తాను?"

"అచ్చులో" అన్నాను.

"ఒక అచ్చులో ఒక్క ట్యాంకే పోస్తానా?"

నాకు వెలగలేదు. ఆయనే చెప్పాడు. ఫైబర్ పడవ చెక్కితే వచ్చేది కాదు, అచ్చులోంచి దిగేది. ఈ పడవ దిగిన అచ్చులోంచే ఇంకొకటి దిగి ఉంటుంది. అది ఎక్కడున్నా, చెడకుండా ఉంటే, దాని అడుగు కొలత తెచ్చి దీనికి పెడితే చాలు. నూలు కూడా తేడా రాదు.

ప్రాణం లేచొచ్చింది నాకు. "అక్కా, ఈ పడవ కొన్నప్పుడు అక్కడ ఇంకోటి..."

అక్క పడవ కింద నుంచి బయటికి రాలేదు. అప్పుడు నాకే గుర్తొచ్చింది.

ఒకే రోజు, ఒకే చోట అన్నదమ్ములిద్దరూ రెండు పడవలు కొన్నారు. ఒకటి బావది. రెండోది బావ తమ్ముడిది. రేవులో అందరూ అతన్ని చిన్నోడు అంటారు, నలభై ఏళ్లు దాటినా. బావ ఒంటరిగా ఈ పడవలోనే ఉండగా నడి ఏట్లో నేల చెక్కలు విరిగి, పడవ ఒరిగి నీళ్లు నిండి బావ మునిగిపోయాడు; పడవని తర్వాత తాళ్లతో పైకి లాగారు. అది జరిగిన నెల లోపలే, ఆ వంతు తనకివ్వమని సంఘంలో పేరిచ్చింది కూడా ఈ చిన్నోడే. అక్క పడవ శుక్రవారం నిలబడకపోతే వంతు పోయేది ఎవరికో కాదు, అతనికే. ఆ రోజు నుంచి అక్క అతనితో మాట్లాడలేదు, ఎదురైతే పక్క సందులోంచి వెళుతుంది.

"నేను వాడి గడప తొక్కను" అంది పడవ కింద నుంచి.

"నువ్వెందుకు, నేను వెళ్తా."

"నిన్ను పంపితే నేను అడిగినట్టు కాదా?"

"మరేం చేద్దాం అక్కా? ఏదో ఒక గుర్తు దగ్గర అతికించేసి, దేవుడి మీద భారం వేద్దామా? జనాన్ని ఎక్కించుకుంటావు నువ్వు ఇందులో. పిల్లలు ఎక్కుతారు."

"పోనీ వంతే పోనీ."

"పోతే ఏం చేస్తావు?"

అక్క పడవ కిందే అటువైపు తిరిగి పడుకుంది.

"చెప్పు. పోతే ఏం చేస్తావు? నా షాపులో కూర్చుని గుండీలు కుడతావా? కుట్టగలవా?" అరిచాను. అక్క మీద ఎప్పుడూ అరవలేదు నేను. మా ఆవిడ గుమ్మంలోకి వచ్చి నిలబడింది. "మీ ఆయన్ని మింగింది ఆ ఏరే అయినా మళ్లీ అక్కడికే పోతానంటున్నావు. ఎందుకని నేనడిగానా? అడగలేదు. చేతనైందీ చేతకానిదీ అన్నీ చేశాను. ఇప్పుడు ఒక్క మనిషిని ఒక్క మాట అడగలేవా నువ్వు?"

మేస్త్రీ లేచి తన బండి వైపు వెళ్లిపోయాడు. ఇంటి గొడవల్లో ప్రశ్నలు వెయ్యకూడదని ఆయనకి తెలుసు.

అక్క పడవ కింద నుంచి వచ్చింది. జుట్టు నిండా తెల్ల పొడి. ముఖం కడుక్కుంది, మా ఆవిడ ఇచ్చిన తువ్వాలుతో తుడుచుకుంది, చెప్పులేసుకుంది.

"నడు. మాట నేనడుగుతా. నువ్వు మధ్యలో కల్పించుకోకు."

చిన్నోడి ఇల్లు రేవు వెనక. ఎండ దిగుతోంది. అతని పడవ గట్టు మీద బోర్లించి ఉంది, అతను మోకాళ్ల మీద కూర్చుని దాని అడుగున పట్టిన పాచి గీకుతున్నాడు. చూడగానే గుర్తుపట్టాను. అదే ముక్కు, అదే వంపు. మా షెడ్డులో ఉన్నది ఆరోగ్యంగా ఉంటే ఇలా ఉండేది. అక్క చెయ్యి దాని వైపు సగం లేచి ఆగిపోయింది.

అతను తలెత్తాడు. లేచి నిలబడ్డాడు.

"వదినా" అన్నాడు.

కుశల ప్రశ్నలేం లేవు. "నీ పడవ అడుగు కొలత కావాలి" అంది అక్క. "మా వాడు తీసుకుంటాడు. గంట పట్టదు. ఇస్తే ఇయ్యి, లేకపోతే లేదను. శుక్రవారం సంగతి నీకూ తెలుసు, నాకూ తెలుసు. దాచి అడగట్లేదు."

అతను ఒప్పుకుంటాడని గానీ, పొమ్మంటాడని గానీ అనుకున్నాను. రెండూ చెయ్యలేదు. నా చేతిలో టేపుని, అక్క ముఖాన్ని మార్చి మార్చి చూశాడు. ముఖం పాలిపోయింది.

"ఇప్పుడు మీరు కూడానా?" అన్నాడు.

కల్పించుకోవద్దన్న మాట మర్చిపోయాను. "మీరు కూడా అంటే ఏంటి?"

"అన్నయ్య కూడా ఇదే అడిగాడు బావా. ఇక్కడే నిలబడి. పడవ మధ్యలో వంగుతోందిరా, లోపల వాసాలు పోయినట్టున్నాయి, నీది ఒక్క పూట గట్టెక్కిస్తే కొలత తీసుకుని కొత్తవి వేసుకుంటా అన్నాడు. వదినకి చెప్పకు, భయపడుతుంది అన్నాడు."

ఇరవై రెండేళ్లు ఒకే పడవలో తిరిగినా బావ ఆమెకి ఆ మాట చెప్పలేదు. రేవంతా బావని పడవ సంగతి పట్టని మనిషి అంది. విని విని చివరికి అక్క కూడా ఆ మాట నమ్మింది, నాకు తెలుసు. ఇప్పుడు నాకు ఎవరిని తిట్టుకోవాలో, ఎవరి గురించి ఏడవాలో తెలియలేదు.

"ఎప్పుడు?" అంది అక్క.

"పోయే ముందు రోజు."

"నువ్వేమన్నావు?"

చిన్నోడు చేతిలోని గీకుడు రేకు కింద పెట్టాడు. పెట్టినవాడు మళ్లీ తలెత్తలేదు.

"ఆ రోజు జనం బాగా ఉన్నారు వదినా. పడవ ఆపలేను, రేపు రమ్మన్నాను."